ఓదెలు అట్ల పిలువడు

చిక్కడపల్లి
9 జూలై 2013

అక్కా,

నీ కార్డు అంది చాలా రోజులైంది. "కిడ్నీలో రాయి పడిపోయిందా?" అని అడిగావు. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను. నిన్న ఉదయశ్రీ కసిరింది: "వదినెకు ఫోన్ల ఇనబడది. అన్నయ్య ఇని, కాయితం మీద రాసి ఆమెకు చూపియ్యాలె. ఆ రాసేదేదో మీరే రాయొచ్చు గద!" అందుకే కూర్చున్నాను.

అది రాయి కాదక్కా. ఎడమ కిడ్నీలో గడ్డ. క్యాన్సర్ అని తేలింది. చిన్న చిన్న మచ్చలు ఊపిరితిత్తుల్లోకి కూడా చేరాయి. ఇది చదివి ఏడుస్తావని తెలుసు. ఏడ్చాక మిగతాది చదువు.

డాక్టర్ అభిజిత్ అని ఒకాయన చూస్తున్నాడు. వయసు నలభై కూడా ఉండదేమో. ఇలా వేరే చోటికి పాకిన గడ్డకు మామూలుగా కిడ్నీ తీసేసి, తర్వాత మందులు ఇస్తారట. వీళ్ళు ఇప్పుడు మరో దారి పరీక్షించి చూస్తున్నారు. ముందు గడ్డ మీద గురిపెట్టి పెద్ద మోతాదులో ఒక్కసారి రేడియేషన్ ఇస్తారు. ఒక నెల ఆగుతారు. అప్పుడు ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేస్తారు.

ఉదయశ్రీ అక్కడే అడిగేసింది. "ఎట్లాగూ తీసేసేదాన్ని ముందుగాల కాల్చుడెందుకు డాక్టరు గారూ?"

"మంచి ప్రశ్ననే అమ్మా," అన్నాడాయన. "మనందరి ఒంట్ల కాపలాదార్లు ఉంటరు. వాళ్ళు ఇన్ని దినాలు ఈ గడ్డను మనోడే అనుకొని ఊకున్నరు. రేడియేషన్‌కు గడ్డ చస్తుంటే దాని లోపలి ముక్కలు బయటపడతయి. అప్పుడు వాళ్ళకు దొంగ మొఖం తెలుస్తది. ఇంక ఊపిరితిత్తులల్ల దాక్కున్నోళ్ళను గూడ పట్టుకుంటరని ఆశ. ఉత్త ఆశనే. గ్యారంటీ ఇయ్యలేను. వద్దంటే మామూలు దారిలనే పోదం."

నేను సరేనన్నాను. తలలో మచ్చలుంటే ఈ పద్ధతికి తీసుకోరు. నా తల స్కాన్ శుభ్రంగా వచ్చింది. మధ్యలో ఏం కొత్తగా అనిపించినా వెంటనే చెప్పాలని మరీ మరీ చెప్పారు.

అశోక్‌నగర్‌లో కోచింగ్ క్లాసులు మానలేదు. గ్రూప్స్ రాసే పిల్లలు ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో పడి ఉన్నారు. వాళ్ళకు జాగ్రఫీ సగంలో వదిలేస్తే పాపం తగులుతుంది. బావకు నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
గోవర్ధన్

*

బల్లార్షా
16 జూలై 2013

గోవర్ధనూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఏడ్చి, ఆ తర్వాత మిగతాది చదివాను. బావ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకొని, బజారుకు పోయివస్తానని బయటికి వెళ్ళాడు. ఏమీ కొనకుండా తిరిగి వచ్చాడు.

ఆ డాక్టరు చెప్పింది నాకు సగమే అర్థమైంది. గడ్డను చంపుతారు, బాగుంది. చంపినదాన్ని వెంటనే తీసెయ్యక నెలరోజులు నీ లోపలే ఎందుకు ఉంచుతారు? ఎవరి ఇంట్లోనైనా ప్రాణం పోతే పొద్దు గూకేలోపే సాగనంపాలని చూస్తాం. నువ్వు దాన్ని మోసుకుంటూ పిల్లలకు పాఠాలు చెబుతావా? ముసలిదాని మాట అనుకో, కానీ ఆ డాక్టరును ఒకసారి అడుగు.

నా చెవుల సంగతి అడగకు. మిల్లు సైరను మోగితే కాళ్ళ కింద నేల అదరడం వల్లే తెలుస్తోంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి కొంత పట్టుకుంటున్నాను. నా మాట నాకే వినబడదు కనుక ఎంత గట్టిగా అరుస్తున్నానో తెలియదు. నిన్న పక్కింటివాళ్ళు గొడవ పడుతున్నామనుకొని వచ్చారు. నేను బావకు చారులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నాను, అంతే.

ఉదయను ధైర్యంగా ఉండమను. ఆ పిల్ల అన్నిటికీ ఎదురు నిలుస్తుంది గాని లోపల మెత్తన.

అక్క
విద్యావతి

*

చిక్కడపల్లి
2 ఆగస్టు 2013

అక్కా,

రేడియేషన్ అయిపోయింది. నువ్వు భయపడినంత ఏమీ లేదు. మెత్తటి పరుపులాంటి దాని మీద పడుకోబెట్టి గాలి తీస్తే, అది నా ఒంటి ఆకారానికి బిగుసుకుంది. ఊపిరికి గడ్డ కదలకుండా పొట్ట మీద పట్టీ నొక్కిపెట్టారు. యంత్రం చేయి నా చుట్టూ నెమ్మదిగా తిరిగింది. నొప్పి లేదు, వేడి లేదు. ఇంతేనా అనిపించింది. ఇక ఈ నెలాఖరుకు ఆపరేషన్.

కానీ ఒక సంగతి చెప్పాలి. ఉదయకు చెప్పలేదు.

మొన్న మధ్యాహ్నం ఒక్కడినే ఆటోలో వస్తున్నాను. నారాయణగూడ వైఎంసీఏ దగ్గర సిగ్నల్ పడింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఉన్నట్టుండి వాసన వచ్చింది. తడి గొంగడి నిప్పు సెగకు మాడితే వచ్చే వాసన. "ఏమన్న కాలుతున్నదా?" అని ఆటో అతన్ని అడిగాను. "నాకేం వస్తలేదు సార్," అన్నాడు.

అప్పుడు రోడ్డు మీదికి చూశాను. అక్కడున్న ప్రతి మనిషీ నాకు తెలిసినవాడే. జామకాయలమ్మే ఆమె, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, బండి తోసుకుపోతున్న ముసలాయన. ఎక్కడో చూసినట్టు కాదు. దగ్గరి చుట్టాల్లా ఉన్నారు. పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగాయి. దిగి పలకరించకపోతే తప్పేమో అనిపించింది. వాళ్ళందరూ నేను దిగుతానని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

ఆ తర్వాత నా ఎడమ పక్కనుంచి ఎవరో "చిన్నోడా" అని పిలిచారు. చాలా దగ్గరగా. తిరిగి చూస్తే సీటు ఖాళీ. సిగ్నల్ మారింది, ఆటో కదిలింది, జనమంతా మళ్ళీ ఎవరో పరాయివాళ్ళయ్యారు.

నన్ను చిన్నోడా అని పిలిచేవాళ్ళు మనింట్లో ఎవరూ లేరు కదా. నువ్వు గోవర్ధనూ అంటావు. అమ్మ గోపీ అనేది.

తర్వాత మరోసారి, పూజగది ముందు పేపరు చదువుతుంటే ఇదే వాసన, ఇదే పిలుపు. చంపినదాన్ని లోపల మోస్తున్నావని నువ్వు రాశావు కదా, ఆ మాట మనసులో నాటుకుందేమో. దాని వాసనే ఇలా పైకి వస్తోందేమో. నవ్వకు.

గోవర్ధన్

*

బల్లార్షా
8 ఆగస్టు 2013

గోవర్ధనూ,

నేను నవ్వలేదు. నీ ఉత్తరం చదివాక పొయ్యి మీద అన్నం మాడిపోయినా లేవలేకపోయాను.

మనకు ఒక అన్న... కాదు, నీకు అన్న, నాకు తమ్ముడు ఉండి పోయాడని నీకు తెలుసు. ఓదెలు. అంతకు మించి నీకు ఎవరూ చెప్పలేదు. వాడి పేరెత్తితే అమ్మ రెండు దినాలు అన్నం ముట్టేది కాదు. అందుకే నాయన ఆ మాటే ఇంట్లో రానిచ్చేవాడు కాదు. ఫొటో కూడా లేదు.

అప్పుడు మనం పెద్దపల్లి దగ్గర ఊళ్ళో ఉండేవాళ్ళం. వాడికి ఆరేళ్ళు, నాకు తొమ్మిది. అమ్మ కడుపులో నువ్వున్నావు. ఓదెలుకు జ్వరం తగిలింది. వానలు పట్టుకొని వదలడం లేదు. వాడు కప్పుకునే గొంగడి తడిసిపోతే అమ్మ దాన్ని పొయ్యి పక్కన ఆరేసింది. వాడు పోయిన మధ్యాహ్నం ఎవరూ చూసుకోలేదు, ఆ గొంగడికి నిప్పంటుకుంది. ఇల్లంతా ఆ వాసన. నాకు ఇప్పటికీ ఆ వాసనంటేనే వాడు పోవడం. నెల తిరగకుండా నాయన ఆ ఊరు వదిలి మనల్ని చిక్కడపల్లికి తెచ్చాడు. నువ్వు అక్కడే పుట్టావు.

ఇంకొకటి. నువ్వు కడుపులో ఉండగా ఓదెలు రోజూ అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి నిన్ను పిలిచేవాడు. చిన్నోడా, చిన్నోడా అని. మగపిల్లవాడే పుడతాడని వాడికి ఎవరు చెప్పారో!

ఈ రెండు సంగతులూ నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. అమ్మ చెప్పి ఉండదు.

వాడే వచ్చాడు గోవర్ధనూ. నీకు ఆపద వచ్చిందని వచ్చాడు. కానీ జాగ్రత్త. మన నాయనమ్మ చెప్పేది: కనబడనివాళ్ళు పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు, రెండోదానికి పలకొద్దు, మూడోసారి పిలిస్తేనే పలకాలి. మనవాళ్ళయితే మూడోసారి పిలుస్తారు. కానివాళ్ళయితే రెండింటికే పోతారు. గుర్తుపెట్టుకో.

నేను వాడికిష్టమని బెల్లం పెట్టిన రొట్టె చేసి గుమ్మంలో పెట్టాను.

అక్క
విద్యావతి

*

చిక్కడపల్లి
17 ఆగస్టు 2013

అక్కా,

నువ్వు ఓదెలును నాకు ఇచ్చావు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు అన్న దొరికాడు.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి భయం పోయింది. ఇప్పుడు దాదాపు రోజూ వస్తున్నాడు. ఎప్పుడూ పగలే. వాసన ముందు వస్తుంది, తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళంతా మనవాళ్ళవుతారు, తర్వాత పిలుపు. నేను రెండు పిలుపులూ వదిలేస్తాను. మూడోసారి కూడా పిలుస్తాడు. మనవాడే.

నిన్న క్లాసులో నదులు చెబుతున్నాను. "మానేరు ఏ నదిల కలుస్తది?" అని అడిగాను. ముందు బెంచీ మీద ఎవరూ కూర్చోరు, పైన ఫ్యాను చెడిపోయింది. ఆ బెంచీ నుంచే "గోదాట్ల" అని జవాబు వచ్చింది. చిన్నపిల్లవాడి గొంతు, గంట కొట్టినట్టు స్పష్టంగా. "కరెక్ట్, కూసో" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సురేశ్ అని సిద్దిపేట వైపు పిల్లవాడు, లేచి నిలబడి, "సార్, ఎవలతోని మాట్లాడుతున్నరు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మా అన్నతోని" అనబోయి ఆగాను.

ఆసుపత్రిలో ఒక తమాషా జరిగింది. రక్తపరీక్షకు నా పేరు పిలిచారు. రెండుసార్లు విన్నాను, మూడోసారి పిలుస్తారని కూర్చున్నాను. అక్కడి మనిషి రెండుసార్లే పిలిచే రకం. నా వంతు పోయింది. ఉదయ "చెవులు మీ అక్కకు పోయినయా, మీకు పోయినయా?" అని గొడవ చేసింది.

ఇంకో చిన్న సంగతి. మొన్న లైబ్రరీకని బయలుదేరాను. చూస్తే దోమలగూడలో ఎవరిదో అరుగు మీద కూర్చొని ఉన్నాను. ఎట్లా వచ్చాను వచ్చాను వచ్చానో తెలియదు. చెప్పు ఒకటి లేదు. ఆ ఇంటామె మంచినీళ్ళిచ్చింది. ఆమె కూడా మనవాళ్ళలాగే ఉంది. ఓదెలు నా చెవిలో "చిన్నోడా, భయపడకు, నేనుంట గద" అన్నాడు వచ్చాను అన్నాడు.

డాక్టరుకు చెప్పను. చెబితే తల స్కాన్ అంటారు, అది అంటారు, ఇది అంటారు, ఆపరేషన్ ఆపుతారు. ఇంక పది పన్నెండు దినాలే. నువ్వూ ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు.

తమ్ముడు

*

బల్లార్షా
22 ఆగస్టు 2013

గోవర్ధనూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. మొదటిసారి సంతోషంగా చదివాను. బావకు చదివి వినిపించాను. ఆయన కాగితం తీసుకొని నీ రాత మీద వేలు పెట్టి చూపించాడు. వచ్చాను అన్న మాట అక్కర లేని చోట కూడా పడింది. నువ్వు జీవితమంతా నల్లబల్ల మీద గీత గీసినట్టు రాసినవాడివి. ఈ ఉత్తరంలో వరుసలు కిందికి జారిపోతున్నాయి.

రెండోసారి చదివాను. అప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"గంట కొట్టినట్టు స్పష్టంగా" అన్నావు. "చిన్నోడా, భయపడకు" అన్నాడని రాశావు.

గోవర్ధనూ, ఓదెలుకు నాలుక కింద పొర ఉండేది. నాలుక పైకి లేచేది కాదు. వాడికి చ పలకదు, డ పలకదు. నిన్ను "తిన్నోదా" అనేవాడు. తిన్నోదా, తిన్నోదా అని. అమ్మ నవ్వి వాడిలాగే అనేది. ఊళ్ళోవాళ్ళంతా వాడిచేత మాట్లాడించి నవ్వేవాళ్ళు, వాడు కూడా నవ్వేవాడు. పోయిన ఉత్తరంలో నేను వాడి మాటను నీకు అర్థమయ్యేటట్టు రాశాను. వాడు అన్నట్టు రాయలేదు. వాసన సంగతి చదివి నాకు ఒళ్ళు తెలియలేదు.

నిన్ను పిలుస్తున్నవాడు ఎవరో నాకు తెలియదు. మన ఓదెలు మాత్రం కాదు. ఓదెలు అట్ల పిలువడు.

ఇన్నేళ్ళూ నా చెవులు లేవని ఏడ్చాను గాని, ఇప్పుడు అనిపిస్తోంది, వాడి గొంతును గుర్తు పట్టడానికి ప్రపంచంలో మిగిలింది నేనొక్కదాన్నే. బతికిన మనిషికి గొంతు ఉంటుంది, దానికో వంకర ఉంటుంది. నీ దగ్గరికి వచ్చినదానికి వంకర లేదు. అది నీ మాటలతోనే నీతో మాట్లాడుతోంది.

ఈ ఉత్తరంతోపాటే ఉదయకు ఇంకొకటి పోస్టు చేశాను. అంతా రాశాను. వాసన, పిలుపు, దోమలగూడ. ఒట్టు నేను వేయలేదు, నువ్వు వేయించావు. దాని పాపం నాకే రానీ.

అక్క

*

చిక్కడపల్లి
31 ఆగస్టు 2013

విద్యావతి గారికి,

మీరు కోరుకున్నది జరిగింది. ఉదయశ్రీ నన్ను మాట్లాడనివ్వకుండా ఆటో ఎక్కించింది. తల స్కాన్ తీశారు. కుడి చెవి పైన, లోపల, శనగగింజంత మచ్చ. మొదటి స్కాన్‌లో లేదు.

డాక్టర్ అభిజిత్ తెర మీద చూపించాడు. "సార్, ఇక్కడికెల్లి మీకు చిన్న చిన్న ఫిట్సు వస్తున్నయి. మనిషి కింద పడడు, బయటికి తెల్వది. ముందు మాడు వాసన, తర్వాత పిలుపు. ఎవలను చూసినా తెలిసినోళ్ళ లెక్క అనిపిస్తది. మీకు అనిపించిందంతా నిజంగ అనిపించిందే. కాని బయట ఎవలు లేరు." తర్వాత, "ఎందుకు దాచిండ్రు సార్?" అన్నాడు.

ఆపరేషన్ ఆపారు. వాళ్ళ పరీక్షలోనుంచి నన్ను తీసేశారు. చంపినది లోపలే ఉంది, మీరు భయపడినట్టే. ఎన్నాళ్ళో చెప్పడం లేదు. నాకు ఒక దారి ఉండేది. మీరు మూశారు.

ఓదెలును మీరే ఇచ్చారు, మీరే తీసుకున్నారు. మాత్రలు వేసుకుంటున్నాను, వాడు రావడం లేదు. ముందు బెంచీ ఖాళీగా ఉంది.

ఇక రాయకండి.

గోవర్ధన్

*

బల్లార్షా
6 సెప్టెంబర్ 2013

గోవర్ధనూ,

"మీరు" అన్నావు. నిన్ను చంకనేసుకొని చిక్కడపల్లి గల్లీలన్నీ తిప్పినదాన్ని. సరే, అను.

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకుండా చింపినా, నేను రాసినట్టు ఉదయ చూస్తుంది.

ఒకటే అడుగుతాను. డాక్టరు చెప్పిందంతా నమ్ముతున్నాను. ఫిట్సు అంటే ఫిట్సే. మరి మాడు వాసన సరే, తడి గొంగడి అని ఎట్లా రాశావు? నాకు ఆ మాట నిద్రపట్టనివ్వడం లేదు. నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే అదీ రాయి.

అక్క

*

చిక్కడపల్లి
20 డిసెంబర్ 2013

అక్కా,

చాలా నెలలకు నీకు రాస్తున్నాను. మధ్యలో నువ్వు పంపిన ఉత్తరాలన్నీ ఉదయ దిండు కింద పెట్టేది. చదివాను. జవాబు రాసే మొహం లేక రాయలేదు.

దారి మూసుకుపోలేదు. కిడ్నీ మీద కొట్టినట్టే తలలోని మచ్చ మీద కూడా గురిపెట్టి రేడియేషన్ కొట్టారు. ఈసారి మొహానికి వలలాంటి తొడుగు వేసి బల్లకు బిగించారు. అది తగ్గుముఖం పట్టాక, అక్టోబర్‌లో కిడ్నీ తీశారు. వాళ్ళ పరిశోధన లెక్కలో నేను లేను. అయినా ఆపరేషన్ చేస్తానన్న మాట డాక్టరు నిలబెట్టుకున్నాడు. "ఆ మచ్చను చూడకుండ కోసి ఉంటే, మత్తులనే ఫిట్సు వచ్చి పెద్ద పరేషాన్ అయితుండె సార్. చెప్పిన మనిషికి దండం పెట్టున్రి," అన్నాడు. పెడుతున్నాను. ఇదిగో.

తీసిన గడ్డ నడిమంతా చచ్చిపోయి బూడిదరంగులో ఉందట. దాని చుట్టూ కాపలాదార్లు గుంపు కట్టి ఉన్నారట. ఊపిరితిత్తుల మచ్చల్లో కొన్ని చిన్నవయ్యాయి, కొన్ని అట్లాగే ఉన్నాయి. రేడియేషన్ వల్లనా, మందుల వల్లనా అంటే, "నాకు తెల్వది సార్, తెలిసినట్టు చెప్తే అబద్ధమైతది," అన్నాడు. ఆయన అలా అనడం నాకు నచ్చింది.

గొంగడి సంగతి. నాకు తెలియదక్కా. అమ్మ ఎప్పుడో చెప్పే ఉంటుందని ఉదయ అంటుంది. అమ్మ చెప్పలేదు. డాక్టరును అడగలేదు. తెలియనివి ఆయనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఓదెలు మళ్ళీ రాలేదు. రోడ్డు మీద మనుషులు ఇప్పుడు ఉత్త మనుషులే. క్లాసుకు వెళ్తున్నాను. ఎండలు ముదరకముందే ఒకసారి బావను తీసుకొని రా.

తమ్ముడు
గోవర్ధన్

*

బల్లార్షా
21 మే 2014

గోవర్ధనూ,

నువ్వు రమ్మన్నది ఎండలు ముదరకముందు, మేం వచ్చింది నడి ఎండాకాలం. బావ మోకాళ్ళకు ఈ వయసులో పంచాంగం పట్టదు. బండి దిగి ఇంటికొచ్చి పడ్డాం. ఆయన మామిడికాయల సంచి రైల్లోనే మర్చిపోయాడు. ఉదయ నా కోసం కోసి ఇచ్చినవి! ఆ పిల్లకు చెప్పకు.

నిన్ను చూశాక నా కడుపు నిండింది. చిక్కిపోయావు గాని మొహంలో కళ ఉంది. మూడు రోజులూ నా ఎదురుగా కూర్చొని రెప్ప వేయకుండా నన్నే చూస్తూ ఉన్నావు. నేను వంటింట్లోకి పోతే వంటింటి గుమ్మంలో నిలబడి చూశావు. ఎంత ప్రేమ పెట్టుకున్నావురా! చిన్నప్పుడు కూడా అంత చూడలేదు. రైల్లో బావకు చెబితే ఆయన కిటికీ వైపు తిరిగాడు.

నాకు మంచి కుర్చీ వేశావు. కాఫీ ఇస్తూ "తీసుకోండి" అన్నావు, పెదవులు చూసి పట్టుకున్నాను. పోయిన ఏడు కోపంతో అన్న "మీరు" ను ఇప్పుడు వేళాకోళానికి వాడుతున్నావని నవ్వుకున్నాను. వెళ్ళేటప్పుడు చేతులు జోడించి నమస్కారం కూడా పెట్టావు. ఎన్ని వేషాలు నేర్చావు!

వచ్చే నెల స్కాన్ అన్నావు. ఫలితం రాయి.

అక్క
విద్యావతి

*

చిక్కడపల్లి
3 జూన్ 2014

అక్కా,

స్కాన్ ముందుగానే తీశారు. తల శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తుల్లో ఉన్నవి కదలకుండా ఉన్నాయి. ఎన్నాళ్ళు అలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. ఇప్పటికి ఇది మంచి మాట.

నిన్న మన రాష్ట్రం వచ్చింది. అశోక్‌నగర్ నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా హాస్టల్ పిల్లలే. డప్పులు, రంగులు. నన్ను చూసి "సార్!" అని ఉరికొచ్చి కౌగిలించుకున్నారు. ఒకడు నా మొహం నిండా రంగు పూసి ఏడ్చాడు. నేనూ వాడి వీపు నిమిరాను. అక్కా, వాడెవరో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక, నా వెంట వచ్చిన ఉదయ చెప్పింది, "మన సురేశ్ గదా! మీరు ఆసుపత్రిల ఉన్నప్పుడు రోజూ అన్నం డబ్బ తెచ్చిండు." రోజూ క్లాసులో చూసే పిల్లవాడు.

నీకు నిజం రాయకపోతే మరోసారి దాచినవాణ్ణవుతాను. అందుకే రాస్తున్నాను.

తలలో ఆ మచ్చ చచ్చాక, దానితోపాటు ఇంకేదో పోయింది. మొహాలు కనబడతాయి. కళ్ళు, ముక్కు, నుదుటి మీద మచ్చ, అన్నీ కనబడతాయి. మనవాళ్ళే అని మాత్రం అనిపించదు. అప్పుడు ప్రపంచమంతా చుట్టాలే. ఇప్పుడు ఒక్కరూ లేరు. ఉదయ మాట్లాడితే గొంతు వల్ల తెలుస్తుంది. మాట్లాడకుండా గదిలోకి వస్తే ఎవరో వచ్చారని లేచి నిలబడతాను. ఆమె ఇప్పుడు ఎక్కడికి వచ్చినా ఏదో ఒకటి మాట్లాడుతూ వస్తుంది. మొన్న పాలవాడి లెక్క చెబుతూ వచ్చింది, పాలు మానేసి నెల అయింది. తగ్గుతుందేమో చూద్దాం, ఓపిక పట్టాలని డాక్టరు అన్నాడు.

నువ్వు వచ్చిన మూడు రోజులూ నేను నిన్ను చూస్తూ కూర్చున్నది ప్రేమతో కాదక్కా. వెతుకుతున్నాను. మా అక్క వస్తుందన్నారు, వచ్చింది నువ్వు. బావ పక్కన ఉన్నాడు కనుక నువ్వు అక్కవేనని లెక్క వేసుకున్నాను. గొంతును బట్టి గుర్తుపడదామంటే, చెవులు పోయాక నీ గొంతు మారిపోయింది, ఎత్తుపల్లాలు లేకుండా ఒకటే అరుపు. రెండో రోజు మధ్యాహ్నం నువ్వు మామిడికాయలు కడుగుతున్నావు. నీ ముందే, నీ మొహం చూస్తూనే, ఉదయను అడిగాను: "ఈమె ఎప్పుడు పోతరు?" ఉదయ చేతిలో కత్తి జారింది. బావ విన్నాడు. నువ్వు కాయల మీదే చూపు పెట్టి నవ్వుతూ ఉన్నావు. నీకు వినబడలేదు.

వేళాకోళం కాదు అది. పరాయి మనిషికి చేసే మర్యాద.

నువ్వు పోయాక నీ ఉత్తరం వచ్చింది. కవరు చింపాను. గోవర్ధనూ అని ఉంది. ఆ "నూ" కొమ్ము నువ్వు ఎప్పుడూ కింది వరుసలోకి లాగుతావు. అది చూడగానే గుండె జల్లుమంది. అక్క! మా అక్క! ఉత్తరం పట్టుకొని చెప్పులు కూడా లేకుండా గల్లీ చివరిదాకా పరుగెత్తాను, నువ్వు ఇంకా ఆటో ఎక్కుతూనే ఉన్నట్టు. ఉదయ వెనకనుంచి పిలుస్తూ వచ్చింది. అక్కడ నిలబడి ఏడ్చాను. ఎన్నో నెలల తర్వాత ఒక మనిషి నాకు తెలిసింది.

బావ మోకాళ్ళు బాగున్నప్పుడు మళ్ళీ రా. ఈసారి నాతో ఏమీ మాట్లాడకు. నేను మీరు అన్నా పట్టించుకోకు. నా ఎదురుగా కూర్చొని, కాగితం తీసి, నాకు ఉత్తరం రాయి. గోవర్ధనూ అని మొదలుపెట్టు. నువ్వు రాస్తున్నంతసేపూ నేను నీ మొహం చూస్తూ ఉంటాను.

నీ తమ్ముడు
గోవర్ధన్